‘సార్ చాలా బాగా చెప్తారు’ సరిపోదు

సెప్టెంబర్ 5 దగ్గరపడేసరికి యూనివర్సిటీల్లో ఉత్తమ అధ్యాపకుల జాబితా కదులుతుంది. చాలాచోట్ల డిపార్ట్‌మెంట్ హెడ్ (హెచ్‌వోడీ) ఒక పేరు పంపుతారు, సీనియారిటీ చూస్తారు, పోయినేడు రానివాళ్లకి ఈ ఏడు వంతు. క్లాసులో కూర్చున్నవాళ్లని అడగడం తక్కువ. అడిగి చేద్దామనుకునే డిపార్ట్‌మెంట్లకి పనికొచ్చే సంగతులు ఇవి.

వ్యవహారం ముందు చెడేది విద్యార్థులు పేర్లు సూచించే ఫారమ్ దగ్గరే. ‘మీకు నచ్చిన అధ్యాపకులెవరు?’ అని అడిగితే ‘సార్ చాలా బాగా చెప్తారు, ఫ్రెండ్లీగా ఉంటారు’ అని వస్తుంది. అలాంటివి వంద వచ్చినా కమిటీ చేతికి ఏమీ తగలదు. ‘ఏం చేశారు? ఏ సెమిస్టర్, ఏ పేపర్? దానివల్ల మీకు ఏది తేలికైంది?’ అని అడగండి. అప్పుడు ఇలా రాస్తారు: ‘మిడ్ పేపర్లు నాలుగో రోజుకే ఇచ్చేశారు. తప్పిన లెక్కలో ఏ స్టెప్ దగ్గర దారి తప్పామో పెన్సిల్‌తో గీత గీశారు. రెండో మిడ్‌లో ఆ తప్పు చేయలేదు.’ ఇదైతే అదే సెక్షన్‌లో ఇంకో ఇద్దరిని పిలిచి నిజమేనా అని కనుక్కోవచ్చు. తెలుగులో రాయొచ్చని ఫారమ్ పైనే వేయండి. లేకపోతే ఇంగ్లిష్ తడబడేవాళ్లు రెండు లైన్లతో ఆపేస్తారు.

కాలేజీలకి, యూనివర్సిటీలకి గుర్తింపునిచ్చే న్యాక్ వాళ్ల విద్యార్థి సంతృప్తి సర్వే ఉందిగా అనొచ్చు. అందులో 21 ప్రశ్నలుంటే 20 టిక్కు పెట్టేవే, చివరిదొక్కటే రాసేది. అది సంస్థ మొత్తానికి కొలత. ఫలానా మేడమ్ ఫలానా పని చేశారన్నది అందులో దొరకదు.

ఫారమ్ ఎప్పుడు తెరుస్తారన్నది ఇంకా ముఖ్యం. ఇంటర్నల్ మార్కులు అప్‌లోడ్ అవకముందే తెరిస్తే పొగడ్తలే వస్తాయి, వాటిని నమ్మలేం. మార్కులు లాక్ అయ్యాక పది రోజులు తెరిచి ఉంచితే చాలు. ఫైనల్ ఇయర్ వాళ్లకి లింకు సొంత మెయిల్‌కి పంపండి. పాసయ్యాక కాలేజీ మెయిల్ చూసేవాళ్లు తక్కువ, కొన్నిచోట్ల అది మూసేస్తారు కూడా. హాల్ టికెట్ నంబర్ తీసుకోండి, కానీ అది ఒక్కరి దగ్గరే ఉండాలి. నంబర్లు తీసేసిన కాపీనే కమిటీకి వెళ్లాలి.

ఇక లెక్క. 120 మంది ఉన్న ఫస్టియర్ సెక్షన్‌కి చెప్పేవారికి 30 ఫారాలు రావచ్చు. 12 మంది ఉన్న ఎలెక్టివ్ (ఎంచుకుని చదివే పేపర్) చెప్పేవారికి ఆరొస్తే ఎక్కువ. అందుకే ఫారాల సంఖ్యకి మార్కులొద్దు. వాట్సాప్ గ్రూపులో ఎవరో ఒకటి రాసి పెడితే పదిహేను మంది అదే అతికిస్తారు, వాటన్నిటినీ కలిపి ఒక్కటిగానే లెక్కించండి. ప్రతి ఫారాన్నీ ఇద్దరు విడివిడిగా చదివి, సున్నా నుంచి మూడు దాకా మార్కు వేయాలి. తేడా రెండు దాటితేనే కూర్చుని మాట్లాడుకోవాలి. కమిటీకి ఐదుగురు చాలు. వాళ్లలో ఇద్దరు విద్యార్థులు, ఒక నాన్-టీచింగ్ ఉద్యోగి, బయటి యూనివర్సిటీ నుంచి ఒకరు ఉండాలి. హెచ్‌వోడీ వద్దు. ఆయన లేనప్పుడే విద్యార్థులు నోరు విప్పుతారు.

అర్హత దగ్గర నాకు పేచీ ఉంది. కేంద్రం జాతీయ ఉపాధ్యాయ పురస్కారాలను 2023లో ఉన్నత విద్యకీ విస్తరించింది. ఆ ఏడాది 75 మందిలో 13 మంది ఉన్నత విద్య వాళ్లు. కానీ అవి రెగ్యులర్ అధ్యాపకులకే. మన రాష్ట్ర యూనివర్సిటీల్లో చాలా క్లాసులు లాగించేది అకడమిక్ కన్సల్టెంట్లు (కాంట్రాక్టు మీద పాఠాలు చెప్పేవాళ్లు), గెస్ట్ ఫ్యాకల్టీ, పార్ట్‌టైమ్ వాళ్లు. అదే నిబంధన ఎత్తి మన ఫారమ్‌లో పెడితే సగం పని కళ్లముందున్నా కనిపించదు.

నాన్-టీచింగ్‌ని కూడా కలపండి. కెమిస్ట్రీ ల్యాబ్‌లో టైట్రేషన్ మొదలయ్యే ముందే కారే బ్యూరెట్లన్నీ (ద్రావణం కొలిచి వదిలే గాజు గొట్టాలు) వేరు చేసి, వాటికి ఎర్రదారం కట్టి పక్కన పెట్టే అటెండర్ వల్ల ఒక్కో బ్యాచ్‌కి అరగంట మిగులుతుంది. రీడింగులు సరిగ్గా వస్తాయి. పేరు పడేది మాత్రం ల్యాబ్ ఇన్‌ఛార్జికి. బ్రిటన్‌లో వ్యక్తులకి 2000 నుంచి నేషనల్ టీచింగ్ ఫెలోషిప్‌లు ఇస్తూనే, 2016లో బృందాలకి విడిగా అవార్డు పెట్టారు. ల్యాబుకి సరిపోయేది అలాంటిదే.

శాలువా, మెమెంటో ఇవ్వండి, తప్పేం లేదు, కానీ అవి బీరువాలోకే పోతాయి. ఫారాల్లోని అసలు మాటలతో అర పేజీ ప్రశంసాపత్రం రాసి, రిజిస్ట్రార్ సంతకంతో ఒక కాపీ సర్వీస్ ఫైల్‌లో పెట్టించండి. కాంట్రాక్టు వాళ్లకి రెన్యువల్ వేళ చూపించడానికి అదే కాగితం మిగులుతుంది. ఎంపిక కానివాళ్లకీ వాళ్ల గురించి వచ్చిన మాటలు కవర్లో పెట్టి ఇవ్వండి, ముందు ఎవరు రాశారో తెలిసిపోయే వివరాలు కొట్టేసి. ‘మా నాన్న చనిపోయిన వారంలో సార్ నాకు ఎక్స్‌ట్రా క్లాస్ తీసుకున్నారు’ అని ఉంటే రాసినవాళ్లెవరో ఇట్టే తెలిసిపోతుంది. అలాంటిది ఆ విద్యార్థి సరేనంటేనే పంపాలి.