స్టోరులో లేనిది దింపొద్దు: మా ఆఫీసు కంప్యూటర్లకి తాళం వేసుకున్న వైనం

మాది విశాఖపట్నం ద్వారకానగర్‌లో చిన్న ట్యాక్స్ ఆఫీసు. రెండు గదులు, నాలుగు కంప్యూటర్లు, ఒక ల్యాప్‌టాప్. నేను, ఇరవై ఏళ్లుగా నాతో ఉన్న సీనియర్ అకౌంటెంట్ గారు, ఇద్దరు అసిస్టెంట్లు, పోయినేడు బీకాం అయ్యి చేరిన ఒక అమ్మాయి. కంప్యూటర్ల సెక్యూరిటీ గురించి రాసేంత తెలివి నాకు లేదు. పడ్డ అవస్థ మాత్రం చెప్పగలను.

గొడవ ఒక అద్దె ఒప్పందం దగ్గర మొదలైంది. జీఎస్టీ రిజిస్ట్రేషన్‌కి పెట్టే ప్రతిదానికీ సైజు హద్దు ఉంటుంది. యజమాని ఫోటో అయితే 100 కేబీ దాటకూడదు. ఒప్పందం స్కాన్ చేస్తే 18 ఎంబీ వచ్చింది, పోర్టల్ తీసుకోలేదు. అమ్మాయి గూగుల్లో ఫ్రీ పీడీఎఫ్ కంప్రెసర్ అని కొట్టి, అన్నిటికన్నా పైన కనిపించిన యాడ్ నొక్కి, దిగినదాన్ని ఇన్‌స్టాల్ చేసింది. పీడీఎఫ్ నిజంగానే చిన్నదయింది. పని జరిగింది కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు.

నాలుగో రోజు గాజువాక నుంచి ఒక క్లయింటు ఫోన్. "ఏటి సార్, ఫీజు వేరే అకౌంటుకి వేయమన్నారు, బ్యాంకు మార్చీసేరా?" అన్నాడు. నేనలాంటి మెయిలే పంపలేదు. సెంట్ బాక్సు తెరిచి చూస్తే మా మెయిల్ నుంచే 11 మందికి వెళ్లింది, నేను రాసినట్టే, కింద నా పేరుతో సహా. మిగతా పదిమందికీ ఒక్కొక్కరికీ ఫోన్ చేసి "దయచేసి డబ్బు వేయకండి" అని చెప్పుకుంటూ వచ్చాను. ఎవరూ వేయలేదు, అదృష్టం. డబ్బు పోయుంటే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాల్సి వచ్చేది. సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టి ఊరుకున్నాం. కానీ లెక్కలు మన చేతిలో పెట్టి నిశ్చింతగా ఉండే మనుషులకి అలా ఫోన్ చేయడం ఎలా ఉంటుందో, అది చేసినవాడికే తెలుస్తుంది.

మా మేనల్లుడు రుషికొండ కొండ మీద ఒక ఐటీ కంపెనీలో పని చేస్తాడు. ఆదివారం పొద్దున్నే వచ్చి రెండు గంటలు ఆ కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. "మావయ్యా, ఆ పీడీఎఫ్ ప్రోగ్రాము బ్రౌజర్లో సేవ్ చేసిన పాస్‌వర్డులన్నీ పట్టుకెళ్లిపోయింది. కుకీలు కూడా" అన్నాడు. మెయిల్‌కి ఓటీపీ పెట్టుకున్నాం కదరా అంటే, కుకీ అంటే ఆల్రెడీ లోపలికొచ్చినవాడికిచ్చిన టోకెన్ లాంటిదనీ, అది చేతిలో ఉన్నవాణ్ని మళ్లీ ఓటీపీ అడగరనీ చెప్పాడు. యాంటీవైరస్ ఉంది, ఏటా డబ్బు కడుతున్నాం. అది కిమ్మనలేదు. మెషీన్ మొత్తం తుడిచి విండోస్ కొత్తగా వేశాడు. వేరే కంప్యూటర్ నుంచి పాస్‌వర్డులన్నీ మార్చాం, మెయిల్ ఎక్కడెక్కడ లాగిన్ అయి ఉందో అన్నిచోట్లా లాగౌట్ కొట్టాం.

తరవాత వాడో మాట అడిగాడు. "ఈ అమ్మాయి ఫోన్‌లో వాట్సాప్‌కి వచ్చిన ఏపీకే ఎప్పుడైనా ఇన్‌స్టాల్ చేస్తుందా?" ఆ అమ్మాయే జవాబిచ్చింది. "అమ్మో, చెయ్యను సార్. పెళ్లి పత్రిక అని పంపి డబ్బులు కొట్టేస్తున్నారు కదా. ప్లేస్టోర్లో ఉంటేనే వేస్తాను." మరి కంప్యూటర్లో? కంప్యూటర్లో అలా ఆలోచించాలని ఆమెకే కాదు, నాకూ ఎప్పుడూ తోచలేదు. నేర్చుకున్న రోజు నుంచీ మాకు కంప్యూటర్ అంటే సైటుకెళ్లి దింపుకోవడం, నెక్స్ట్, నెక్స్ట్, ఫినిష్.

ఫోన్‌కి ప్లేస్టోర్ ఉన్నట్టే విండోస్‌కీ మైక్రోసాఫ్ట్ స్టోర్ ఉంది. అలా నిర్ణయమయింది: ఇకనుంచి కంప్యూటర్లోనూ ఆ స్టోరులో ఉన్నవే. చెప్పడానికి అర నిమిషం పట్టింది, చేయడానికి పదిహేను రోజులు.

మొదట ల్యాప్‌టాప్ దగ్గరే చిన్న పరాభవం. మైక్రోసాఫ్ట్ 2017లో విండోస్ 10 ఎస్ అని ఒకటి తెచ్చింది, ఆ మరుసటేడు దాన్నే ఎస్ మోడ్ అన్నారు. అందులో స్టోర్ యాప్‌లు తప్ప ఇంకేవీ నడవవు. మా ల్యాప్‌టాప్ కొన్నప్పుడు ఎస్ మోడ్‌తోనే వచ్చిందట. లెక్కలు రాసే టాలీ సాఫ్ట్‌వేర్ ఎక్కడం లేదని నేనే విసుక్కుని షాపతని చేత అది తీయించేశాను. డబ్బేమీ అడగలేదు, ఒక నొక్కు. ఇప్పుడు మళ్లీ పెట్టరా అంటే మేనల్లుడు నవ్వాడు. బయటికి రావడానికే గానీ మళ్లీ లోపలికి వెళ్లడానికి బటన్ లేదు.

సరే, రెండో దారి. విండోస్ 11లో సెట్టింగ్స్, యాప్స్, అడ్వాన్స్‌డ్ యాప్ సెట్టింగ్స్‌కి వెళితే, యాప్‌లు ఎక్కడినుంచి తెచ్చుకోవచ్చో ఎంచుకోమంటుంది. నాలుగు ఆప్షన్లు. ఎక్కడినుంచైనా సరే, ఎక్కడినుంచైనా సరే గానీ స్టోరులో అలాంటిదుంటే చెప్పు, ఎక్కడినుంచైనా సరే గానీ బయటిదైతే హెచ్చరించు, మైక్రోసాఫ్ట్ స్టోర్ మాత్రమే. నాలుగోది పెడితే సరిపోతుంది, పైగా అప్పటికే ఎక్కి ఉన్న సాఫ్ట్‌వేర్లు యథాప్రకారం నడుస్తాయి అన్నాడు. ఇంతేనా అనుకున్నాను.

ఇంతే కాదు. మా నాలుగు కంప్యూటర్లలోనూ అందరూ వాడేది ఒకటే అకౌంటు, అదీ అడ్మినిస్ట్రేటర్. దాని పాస్‌వర్డు మానిటర్ కింద చీటీ మీద అంటించి ఉంటుంది. అడ్మిన్‌గా ఉన్నవాడు ఆ సెట్టింగు ఎప్పుడంటే అప్పుడు తీసేసుకోవచ్చు. కాబట్టి ఒక్కొక్కరికీ అడ్మిన్ హక్కులు లేని వేరే స్టాండర్డ్ అకౌంటు, అడ్మిన్ పాస్‌వర్డు నా దగ్గర. స్టాండర్డ్ అకౌంటు ఒక్కటే చాలదా అని అడిగాను. చాలదట. చాలా ప్రోగ్రాములు అడ్మిన్ అనుమతి అడక్కుండా వాడేవాళ్ల సొంత ఫోల్డర్లోనే దిగిపోతాయి. అందుకని రెండూ కావాలి.

అకౌంట్లు మార్చిన రోజు ఆఫీసులో మూతులు ముడుచుకున్నాయి. సీనియర్ గారైతే మధ్యాహ్నం దాకా మాట్లాడలేదు. చివరికి "ఇన్నేళ్లయింది, నా మీద నమ్మకం లేదా అండి" అన్నారు. నా అకౌంటు కూడా స్టాండర్డే చేశానని తెరిచి చూపించాక కాస్త చల్లబడ్డారు. ఇది సాంకేతిక విషయం కాదు గానీ, మొత్తం వ్యవహారంలో నాకు ఎక్కువ టెన్షన్ పెట్టింది ఇదే.

తాళం వేసేముందు లోపల ఏమేమున్నాయో రాసుకోమన్నాడు మేనల్లుడు. పాత లెడ్జరు కాగితం ఒకటి తీసి, రెండో కంప్యూటర్లో ఉన్నవన్నీ నిలువుగా రాసుకుంటూ పోయాను. 31 తేలాయి. టాలీ, డీఎస్‌సీ (డిజిటల్ సంతకం) టోకెన్ డ్రైవరు, ఆ సంతకం పోర్టల్‌లో పెట్టడానికి ఎమ్‌సైనర్, ప్రింటరు, స్కానరు, తెలుగులో ఉత్తరాలకి అను ఫాంట్లు, ఇన్‌కంట్యాక్స్ వారి ఆఫ్‌లైన్ యుటిలిటీ, జీఎస్టీ ఆఫ్‌లైన్ టూల్, టీడీఎస్ రిటర్ను తయారు చేసే ఆర్‌పీయూ. ఇవి కావలసినవి. మిగతావి చూస్తే సిగ్గేసింది. పీడీఎఫ్‌వే ఐదు, డ్రైవర్లు అప్‌డేట్ చేస్తానని చెప్పుకునేవి రెండు, క్రికెట్ స్కోరుది ఒకటి, ఎవరు వేశారో ఎవరికీ తెలియనివి నాలుగు. పెన్నుతో కొట్టేస్తూ వెళ్తే 12 మిగిలాయి.

పీడీఎఫ్‌వి ఐదెందుకని అమ్మాయిని అడిగితే స్కానర్ దగ్గరికి తీసుకెళ్లింది. అది 600 డీపీఐ (స్కాన్ ఎంత సన్నగా తీయాలో చెప్పే లెక్క, పెరిగితే ఫైలూ పెరుగుతుంది), కలర్‌లో పెట్టి ఉంది. ఎవరో ఎప్పుడో పాస్‌పోర్టు ఫోటో స్కాన్ చేయడానికి పెట్టి అలాగే వదిలేశారు. 200కి తగ్గించి, నలుపు తెలుపు చేసి అదే అద్దె ఒప్పందం మళ్లీ స్కాన్ చేశాం. ఎంబీల్లోంచి కేబీల్లోకి వచ్చింది. కంప్రెసర్ అక్కర్లేదు. ఆ యాడూ అక్కర్లేదు, ఆ పది ఫోన్లూ అక్కర్లేదు. స్కానర్ ముందు కాసేపు అలా నిలబడిపోయాను.

ఇంకో వింత. పైన చెప్పిన కావలసిన వాటిలో ప్రభుత్వం వారివి ఏవీ స్టోరులో దొరికేవి కావు. అన్నీ ఆయా పోర్టళ్లలోంచి జిప్ ఫైళ్లుగా దింపుకోవలసినవే. పైగా కొత్త వెర్షన్లు వస్తూనే ఉంటాయి, పాతదానితో చేస్తే ఫైలు తిరిగొస్తుంది. అంటే ఏటా రిటర్నుల సీజనులో, మూడు నెలలకోసారి టీడీఎస్‌కి, తాళం తీయక తప్పదు. తీసే పద్ధతి రాసుకున్నాం: అడ్మిన్‌లోకి వెళ్లాలి, పోర్టల్ చిరునామా చేత్తో టైపు చేయాలి, గూగుల్లో వెతకకూడదు, దింపి ఎక్కించాక సెట్టింగు మళ్లీ నాలుగోదానికి మార్చి, పుస్తకంలో తేదీ వేయాలి.

తాళం పడ్డాక పరీక్ష పెట్టాం. ఒక వీడియో ప్లేయర్ సైటు నుంచి దింపి డబుల్ క్లిక్ చేశాం. ఇది మైక్రోసాఫ్ట్ సరిచూసిన యాప్ కాదని బాక్సు వచ్చింది, స్టోరుకి వెళ్లమంది. అందరం సంతోషించాం. మేనల్లుడు మాట్లాడకుండా జేబులోంచి పెన్‌డ్రైవ్ తీశాడు. అదే ప్లేయర్, ఈసారి ఇన్‌స్టాల్ చేయక్కర్లేకుండా నేరుగా నడిచే రకం. డబుల్ క్లిక్ చేస్తే తెరుచుకుంది.

విషయమేమిటంటే, ఇంటర్నెట్ నుంచి దిగిన ఫైలు మీద విండోస్ ఒక గుర్తు వేస్తుంది. ఈ సెట్టింగు చూసేది ఆ గుర్తుని. పెన్‌డ్రైవ్‌లో వచ్చినదాని మీద అది ఉండకపోవచ్చు. పైగా ఈ సెట్టింగు ఒక్కటే అయితే నెట్ ఉన్నప్పుడే ఆపుతుందట. మా ఆఫీసుకి సగం టాలీ బ్యాకప్‌లు వచ్చేది పెన్‌డ్రైవ్‌ల మీదే. ముందు గదిలో ఉన్న ఒక్క కంప్యూటర్‌కే పెన్‌డ్రైవ్ పెట్టాలని, అందులో ఏ పాస్‌వర్డూ సేవ్ చేయకూడదని అప్పుడు నియమం పెట్టుకున్నాం. పెద్ద కంపెనీల్లో అయితే జాబితాలో ఉన్న ప్రోగ్రాములు తప్ప ఏదీ, ఎటునుంచి వచ్చినా, కదలకుండా చేస్తారట. దానికి చూసుకునే మనిషి కావాలి. మాకు ఆదివారం మేనల్లుడే దిక్కు.

స్టోరులో ఉన్నదల్లా మంచిదా అంటే అదీ లేదు. 2022 ఫిబ్రవరిలో చెక్ పాయింట్ అనే సెక్యూరిటీ సంస్థ, పేరున్న ఆటలకి నకళ్లుగా మైక్రోసాఫ్ట్ స్టోరులోనే చేరిన ఒక మాల్వేర్ (హాని చేసే ప్రోగ్రాము) గురించి బయటపెట్టింది. 5,000కి పైగా కంప్యూటర్లకి పాకిందట. ఇంకా ఇబ్బందైనది క్విక్ అసిస్ట్. దూరం నుంచి ఇంకొకరి కంప్యూటర్ నడిపి సాయం చేయడానికి మైక్రోసాఫ్ట్ ఇచ్చే సొంత యాప్ అది. సపోర్టు వాళ్లమని ఫోన్ చేసి దాంతోనే జనం కంప్యూటర్లలోకి దూరుతున్నారని 2024 మేలో మైక్రోసాఫ్టే చెప్పింది. మన తాళం దాన్ని ఆపదు, ఎందుకంటే అది ఇంటి మనిషే. మా కంప్యూటర్లలోంచి తీసేశాం. అయినా వంద సైట్ల మీద పడి దింపుకోవడం కన్నా ఒక్కచోట వెతుక్కోవడం నయం. వీధి చివర ఒక గేటుంటే వచ్చేవాళ్లందరూ దేవుళ్లు కాకపోవచ్చు గానీ, కనీసం ఎటునుంచి వచ్చారో తెలుస్తుంది.

ఇక నా తప్పు. నెల తిరక్కుండా శ్రీకాకుళంలో బంధువుల పెళ్లికి వెళ్లాను. సరిగ్గా ఆ రోజే ఒక కాంట్రాక్టరు కొత్త డీఎస్‌సీ టోకెన్ పట్టుకుని ఆఫీసుకి వచ్చారు, మధ్యాహ్నం 3 గంటలకి టెండరు మూసేస్తారు. ఆ టోకెన్ వేరే కంపెనీది. దాని డ్రైవరు టోకెన్‌లోనే ఉంది, కానీ ఎక్కించాలంటే అడ్మిన్ పాస్‌వర్డు అడుగుతోంది. రెండుంబావుకి సీనియర్ గారి ఫోన్. ఇటు సన్నాయి, అటు కాంట్రాక్టరు గారి కేకలు. పాస్‌వర్డు ఒక్కో అక్షరం అరిచి చెప్పాను. ఎస్ అన్నానో ఎఫ్ అన్నానో వాళ్లకి తెలియదు, పక్కన భోజనం చేస్తున్నవాళ్లందరికీ మాత్రం నా పాస్‌వర్డు వచ్చేసింది. మూడో ప్రయత్నంలో తెరుచుకుంది. టెండరు 2:51కి పడింది.

మర్నాడు పాస్‌వర్డు మార్చాను. కొత్తది కాగితం మీద రాసి, కవరులో పెట్టి, లక్క వేసి సీనియర్ గారి బీరువాలో ఉంచాం. ఎప్పుడు తెరిస్తే అప్పుడు పుస్తకంలో రాయాలి, నేను వచ్చాక మార్చాలి. కవరు తన బీరువాలో ఉండటం సీనియర్ గారికి బాగా నచ్చింది. మొదటే ఆ పని చేసుంటే ఆ మూతి ముడుపు కూడా తప్పేది.

ఆ పుస్తకం చూసేది ఇప్పుడు మా ఆఫీసులో ఆ బీకాం అమ్మాయే. ఏ సాఫ్ట్‌వేర్ కావాలన్నా అందులో రాయాలి: ఏ పనికి, స్టోరులో ఉందా, తయారుచేసిందెవరు, ఉన్నవాటితో ఆ పని కాదా. పోయిన నెల ఆరు ఎంట్రీలు పడ్డాయి. మూడు స్టోరులో దొరికాయి, ఒకటి అక్కర్లేదని తేలింది. మిగిలిన రెండూ నేను రాసినవి. ఒకదానికి తయారీదారు పేరు రాయలేదని ఆమె ఇంకా పక్కన పెట్టింది.