మాస్టారి గొంతులో రామాయణం

దూరదర్శన్‌లో రామానంద్ సాగర్ రామాయణం 1987 జనవరి 25న మొదలయ్యేనాటికి మా జట్టు విజయనగరంలో మా బడిలో ఏడో తరగతి చదువుతోంది. బి.ఆర్. చోప్రా మహాభారతం 1990 జూన్ 24న ముగిసేనాటికి మేము పదో తరగతి పరీక్షలు రాసేసి, విజయనగరంలోనే ఇంటర్‌లో చేరాలా, విశాఖపట్నం వెళ్లాలా అని తర్జనభర్జన పడుతున్నాము. మా హైస్కూలు చదువు ఇంచుమించు అంతా ఆ రెండు కథల మధ్యనే గడిచింది. వాటిని మేము చూసింది మా ఇళ్లలో కాదు, అయ్యకోనేరు గట్టుకు దగ్గరలో మా హిందీ మాస్టారు అద్దెకున్న ఇంటి ముందుగదిలో.

అది చెక్క తలుపులున్న నలుపు తెలుపు టీవీ. ఆదివారం తొమ్మిది కాకముందే గుమ్మం బయట చెప్పులు కుప్పపడేవి. అమ్మగారు టీవీ ముందు అగరొత్తి వెలిగించి, పిల్లలను ముందు చాప మీద, పెద్దవాళ్లను వెనుక కూర్చోబెట్టేవారు. ఒకడు డాబా మీద యాంటెన్నాను విశాఖ వైపు తిప్పుతూ “వచ్చిందా?” అని అరిస్తే, కింద నుంచి మేమందరం ఒక్కసారే “ఇంకొంచెం” అనేవాళ్లం. బొమ్మ నిలిచాక మాస్టారు టీవీ పక్కన స్టూలు మీద కూర్చుని, పాత్రలు మాట్లాడే ప్రతి మాటా అయ్యీ అవకముందే లోగొంతుతో తెలుగులో చెప్పేవారు. మాలో ఎవరికీ హిందీ వచ్చేది కాదు. ఎదురింటి మామ్మకైతే వినపడేదీ తక్కువే. “బాబూ, ఆ రాజు ఏటంతన్నాడు?” అని ఆవిడ అడిగినప్పుడల్లా మాస్టారు విసుక్కోకుండా రెండోసారి చెప్పేవారు.

ఆ గదిలో మేము నేర్చుకున్న హిందీ పుస్తకంలో నేర్చుకున్న దానికంటే ఎక్కువ. ఆ ధారావాహికలలో వినిపించేది సంస్కృత పదాలు నిండిన భాష. వచనం, ఆజ్ఞ, ప్రతిజ్ఞ, వనవాసం వంటి మాటలు మనకు పుట్టుకతో తెలిసినవే కనుక, చెవి కొంచెం అలవాటు పడగానే అర్థం దానంతటదే అందేది. అయితే తెలిసిన మాటే తప్పుదారి పట్టించడమూ ఉండేది. రాకుమారులు గురువుగారి దగ్గర ‘శిక్ష’ పొందుతున్నారంటే, ఏ తప్పు చేశారని శిక్షిస్తున్నారా అని మేము బెంగపడ్డాము. హిందీలో శిక్ష అంటే చదువని మాస్టారు చెప్పి, మర్నాడు సోమవారం తరగతిలో అదే మాటతో పాఠం మొదలుపెట్టారు. ప్రసారం ఆగిపోయినప్పుడు తెర మీద కనిపించే ‘రుకావట్ కే లియే ఖేద్ హై’ అన్న పలకే మాలో చాలామంది దేవనాగరిలో కూడబలుక్కుని చదివిన మొదటి పూర్తి వాక్యం. అంతరాయానికి చింతిస్తున్నామని దాని అర్థం చెప్పి, ‘కే లియే’ అన్న ముక్కను ఎక్కడెక్కడ వాడతారో ఆ పలక తొలగేలోగా ఆయన నాలుగు ఉదాహరణలతో చూపించారు.

ఒక ఆదివారం లక్ష్మణుడు మూర్ఛపోయి, సంజీవని కోసం హనుమంతుడు బయలుదేరిన ఘట్టంలో కరెంటు పోయింది. ఎవరూ లేవలేదు. ఆ వేసవి ఉక్కలో మాస్టారు పైకండువా తీసి విసురుకుంటూ, మిగతా కథ తానే చెప్పారు. ఆదిభట్ల నారాయణదాసు గారి ఊరిలో పుట్టిపెరిగిన మామ్మలు హరికథలు ఎన్నో విని ఉంటారు కదా; వారు కూడా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కదలకుండా విన్నారు. కొండను చేతి మీద ఎత్తి చూపిస్తున్నప్పుడు ఆయన మోచేయి వణకడం నాకు ఇప్పటికీ కనిపిస్తుంది. కరెంటు వచ్చేసరికి ఆనాటి భాగం అయిపోయింది, కానీ ఏదో కోల్పోయామని ఒక్కరికీ అనిపించలేదు.

2020 మార్చి 28 నుంచి లాక్‌డౌన్ రోజుల్లో దూరదర్శన్ ఆ రామాయణాన్ని తిరిగి ప్రసారం చేసినప్పుడు నేను మొదటిసారి దానిని రంగుల్లో చూశాను. వనవాసంలో సీతమ్మ కట్టుకున్న కాషాయ వస్త్రం నా జ్ఞాపకంలో బూడిద రంగులోనే ఉంది. రాముడి వేషం వేసిన అరుణ్ గోవిల్ మాట ప్రతి అక్షరమూ స్పష్టంగా వినిపిస్తోంది, అర్థమూ అవుతోంది. అయినా ప్రతి మాట తరువాతా నా చెవి ఇంకో గొంతు కోసం ఆగుతూనే ఉంది.

మహాభారతం చివరి భాగం నాడు మేము ఎప్పటిలాగే ముందు చాప మీద కూర్చున్నాము. ఆ రోజు మాస్టారు స్టూలు మీద కూర్చోలేదు, వెనుక పెద్దవాళ్ల మధ్య చేరారు. తెర మీద కథ చెప్పే కాలపురుషుడు మాట్లాడడం మొదలుపెట్టగానే మామ్మ అలవాటుగా “ఏటంతన్నాడు బాబూ?” అని అడిగింది. మాస్టారు పలకలేదు. ఆ మౌనం ఎందుకో ముందు మాకు తెలియలేదు. తరువాత మాలో ఒకడు వెనక్కి తిరిగి, తడుముకుంటూ ఆవిడకు తెలుగులో చెప్పాడు. వాడు ఆగిన చోట నేను అందుకున్నాను.