చెరువు బురదలో డీఎన్‌ఏ వెతికేటప్పుడు

చెరువులో ఇప్పుడు ఏ సూక్ష్మజీవులున్నాయో బురదలోని డీఎన్‌ఏతో తెలుసుకోవాలంటే, తిరుపతి దగ్గరి కల్యాణి డ్యామ్ అంచైనా, చంద్రగిరి వైపు ఊరి చెరువైనా బురద పైపొర 2 సెంటీమీటర్లు చాలు. లోతుకు పోయేకొద్దీ ఎప్పుడో చచ్చిన జీవుల డీఎన్‌ఏ ఎక్కువవుతుంది. 50 మి.లీ. సిరంజి మూతి కోసేయండి. లోపలి పిస్టన్‌ను బురద మట్టానికే ఆనించి పట్టుకుని, గొట్టాన్ని మాత్రం నిలువుగా దించండి. పొర చెదరదు. చోటుకు మూడు నమూనాలైనా తీసి, విడివిడిగా ఉంచాలి.

పరికరాలను 10 శాతం బ్లీచ్‌లో నానబెట్టి, శుభ్రమైన నీళ్లతో బాగా కడగాలి. పాత డీఎన్‌ఏను చెరిపే ఆ బ్లీచ్ మిగిలితే మీ నమూనాలోని డీఎన్‌ఏ కూడా పోతుంది. మే నెల ఎండలో బురద డబ్బా కారు డిక్కీలో వదిలేశారో, బ్యాక్టీరియా పెరిగి లెక్కంతా తారుమారే. వెంటనే ఐసు పెట్టెలోకి, ల్యాబ్‌కు చేరాక మైనస్ 20 డిగ్రీల ఫ్రీజర్‌లోకి.

మట్టి నుంచి డీఎన్‌ఏ తీసే మామూలు కిట్‌లో పట్టేది 0.25 గ్రాములే; అందుకే ముందు బాగా కలపాలి. డయాటమ్‌ల (ఒక రకం సూక్ష్మ శైవలాల) గాజు పెంకు పగలాలంటే పూసలతో గట్టిగా కుదపక తప్పదు.

అసలు తలనొప్పి హ్యూమిక్ ఆమ్లాలు, అంటే కుళ్లిన ఆకులూ అలములూ వదిలే గోధుమరంగు పదార్థాలు. తీసిన డీఎన్‌ఏ ద్రావణం టీ రంగులో ఉంటే పీసీఆర్ (డీఎన్‌ఏ నకళ్లను పెంచే పద్ధతి) మొరాయిస్తుంది. పది రెట్లు పలుచన చేసి మళ్లీ నడపండి. అప్పుడు జెల్‌లో బ్యాండ్ (డీఎన్‌ఏ గీత) వస్తే అడ్డుపడింది అవే. బీఎస్‌ఏ అనే ప్రొటీన్ కలిపినా కొంత నయం. డీఎన్‌ఏ లేదని తొందరపడి నమూనా పారేయకండి.

జాతిని గుర్తుపట్టడానికి చదివే జన్యువు బ్యాక్టీరియాకు 16ఎస్, ప్రొటిస్టులకు (డయాటమ్‌లు, సీలియేట్‌ల లాంటి కేంద్రకమున్న సూక్ష్మజీవులకు) 18ఎస్. రీడ్ల (యంత్రం చదివిన డీఎన్‌ఏ ముక్కల) సంఖ్యను జీవుల సంఖ్యగా చదవొద్దు: ఒక్కో సీలియేట్ కణంలో 18ఎస్ నకళ్లు వేలల్లో ఉంటాయి. బురద వేయని ఖాళీ ట్యూబ్‌నూ మిగతా నమూనాలతో పాటే చివరిదాకా నడపండి. అందులోనూ జాతులు కనిపిస్తే, అవి పని మధ్యలో కలిసినవి; చెరువువని నమ్మేయకండి.