బంగారాన్ని తిరిగి ఇచ్చిన ఊరు

ఎస్పెరాక్ నుంచి కాంక్‌కు కాలిబాటన సుమారు 12 కిలోమీటర్లు. అక్టోబరు మొదటి వారం కావడంతో దారంతా చెస్ట్‌నట్ కాయలు రాలి ఉన్నాయి. చివర్లో దిగుడు నిటారుగా ఉంది. ఊతకర్ర మీద బరువు మోపుతూ దిగుతుంటే ఒక మలుపులో చెట్ల సందులోంచి రాతిపలకల ఇంటికప్పులు కనిపించాయి, చేప పొలుసుల్లా ఒకదాని మీద ఒకటి.

దక్షిణ ఫ్రాన్సులోని అవేరోన్ జిల్లాలో, దూర్దూ అనే చిన్న ఏటికి ఎగువన, కొండవాలును పట్టుకుని ఉన్న పల్లె ఇది. గుల్ల అనే అర్థమున్న లాటిన్ మాట ‘కాంకా’ నుంచి ఈ పేరు వచ్చిందంటారు. మన ‘శంఖం’ ఆ మాటకు దాయాదే. ఇళ్లు కింది వీధి నుంచి మూడంతస్తులుగా, పై వీధి నుంచి ఒక్క అంతస్తుగా కనిపిస్తాయి. ఎదురుపడిన ప్రతివారూ ‘బోంజూర్’ అన్నారు. మొదట మొహమాటపడ్డాను కానీ, సాయంత్రానికి నేనే ముందుగా పలకరిస్తున్నాను.

ఈ ఊరి పుట్టుక విచిత్రమైనది. అజాన్ పట్టణంలో మతం కోసం ప్రాణమిచ్చిన సెంత్ ఫ్వా అనే బాలిక అస్థికలను 9వ శతాబ్దంలో ఇక్కడి సన్యాసి ఒకరు దొంగిలించి తెచ్చారు. ఆ అస్థికల కోసం యాత్రికులు వచ్చారు, వాళ్లతోపాటు కానుకలూ వచ్చాయి. చెక్క మీద బంగారు రేకు తాపి, రత్నాలు పొదిగిన 85 సెంటీమీటర్ల విగ్రహం ఇప్పటికీ ఇక్కడే ఉంది. ఆ బొమ్మ ముందు చాలాసేపు నిలబడ్డాను. కళ్లు పెద్దవిగా, చూపు ఎటో దూరంగా ఉన్నాయి.

దొంగతనంతో పేరొచ్చిన ఊరు ఆ తర్వాత ఎలా నడుచుకుందన్నదే నాకు ముఖ్యమనిపించింది. ఫ్రెంచి విప్లవ కాలంలో చర్చిల బంగారం, వెండి కరిగించడానికి తరలిపోతుంటే, కాంక్ వాసులు ఈ నిధిని పంచుకుని తోటల్లో, చెస్ట్‌నట్‌లు ఆరబెట్టే గుడిసెల్లో దాచారట. గండం గడిచాక అన్నీ తిరిగి అప్పగించారు. వాళ్లు మెట్టపొలాల రైతులు, చెస్ట్‌నట్‌లతో కడుపు నింపుకున్న బీదవాళ్లు.

“మా ఇంట్లో ఏం దాచారో నాకు తెలియదు,” అన్నారు నేను దిగిన ఇంటి యజమానురాలు. ఆవిడకు డెబ్బై దాటి ఉంటాయి. “అందరూ ఇచ్చేశారు. అంతే మాకు తెలుసు.”

ఆ మాట అంటూనే ఆవిడ అలిగో కలుపుతున్నారు. ఉడికించి మెదిపిన బంగాళాదుంపల్లో వెన్న, వెల్లుల్లి, తాజా తోమ్ చీజు వేసి చెక్క తెడ్డుతో ఆపకుండా తిప్పాలి. ముద్ద మెల్లగా నునుపు తేలి, తెడ్డు ఎత్తితే తెగకుండా తీగలా సాగింది. అందాకా ఆవిడ పొయ్యి దగ్గర నుంచి కదలలేదు.

భోజనమయ్యాక చర్చి ద్వారం చూడటానికి వెళ్లాను. ద్వారంపై 12వ శతాబ్దపు తుది తీర్పు శిల్పంలో 124 బొమ్మలున్నాయి. నరకంలో పిసినారి మెడకు డబ్బు సంచితో వేలాడుతున్నాడు. వేటగాడిని కుందేలు నిప్పు మీద కాలుస్తోంది. తోరణం అంచు వెనక నుంచి చిన్న చిన్న ముఖాలు తొంగిచూస్తున్నాయి, అరుగు మీద పిల్లల్లా. వాటిని చెక్కిన చెయ్యి ఈ వీధుల్లోని ముఖాలను ప్రేమగా చూసిన చెయ్యేనని నా నమ్మకం. లోపలి కిటికీలకు రంగుల్లేని అద్దాలున్నాయి. దగ్గర్లోని రోడెజ్‌లో పుట్టిన చిత్రకారుడు పియేర్ సులాజ్ రూపొందించిన ఆ 104 కిటికీలు 1994లో పూర్తయ్యాయి.

2016లో కాంక్ మరో మూడు ఊళ్లతో కలిసి ఒకే కమ్యూన్ (మన పంచాయతీలాంటి స్థానిక పాలనా విభాగం) అయింది. వేసవి సందడి తగ్గాక వీధులు బోసిపోతాయని ఆవిడ దిగులుగా చెప్పారు. వింటున్న నాకూ దిగులేసింది.

మర్నాడు బయల్దేరుతుంటే, “ఏరు దాటి పైకి ఎక్కాక చిన్న ప్రార్థనాలయం వస్తుంది. అక్కడ గంట కొట్టండి. వంటింట్లో ఉంటాను, వింటాను,” అన్నారు.

రాతి వంతెన దాటి అవతలి కొండ ఎక్కేసరికి చెమటలు పట్టాయి. గంట తాడు లాగాను. లోయకు ఆవల పలకల కప్పులన్నీ ఒకేలా ఉన్నాయి, ఒకటి రెండు పొగగొట్టాల నుంచి పొగ లేస్తోంది. ఆవిడ ఇల్లు ఏదో గుర్తుపట్టలేక మళ్లీ తాడు లాగాను, ఈసారి గట్టిగా.