కోనసీమలో ఉంటూ డైవ్ కంప్యూటర్ కొనడం: నా అనుభవం

మాది అమలాపురం వైపు. ఇక్కడి గోదావరి పాయల్లో, అంతర్వేది సముద్రంలో ఒండ్రు వల్ల చాపిన చెయ్యే కనపడదు. అందుకని మాకు స్కూబా (గాలి సిలిండర్‌తో నీళ్ళలో దిగడం) అంటే విశాఖ దగ్గరి రుషికొండ, కాదంటే అండమాన్‌లో స్వరాజ్ ద్వీప్. అంటే డైవ్ కంప్యూటర్ (లోతు, సమయం కొలిచి ఇంకెంతసేపు కింద ఉండొచ్చో చెప్పే, చేతికి కట్టుకునే పరికరం) నీళ్ళలో ఉండేది ఏడాదికి కొద్ది రోజులు, మిగతాదంతా ఉప్పుగాలి తగిలే సొరుగులో. కొనేటప్పుడు నేను ముందు వేసుకున్న లెక్క ఇదే. ఫీచర్ల పట్టిక ఆ తరువాతే చూశాను.

కాబట్టి మొదటి ప్రశ్న బ్యాటరీ. మోడళ్ళలో క్రెస్సీ లియొనార్డోకి సీఆర్ 2430, సుంటో జూప్ నోవోకీ మారెస్ పక్ ప్రోకీ సీఆర్ 2450 బిళ్ళ పడుతుంది. 2032 ఏ కొట్లోనైనా దొరుకుతుంది గానీ ఈ రెండూ మన ఊళ్ళలో అడగ్గానే దొరకవు, ముందే తెప్పించి ఉంచుకోవాలి. షియర్‌వాటర్ పెర్డిక్స్‌కి మామూలు డబుల్ ఏ సెల్ సరిపోతుంది. అదే కంపెనీ పెరిగ్రిన్‌లో ఛార్జింగ్ బ్యాటరీ లోపలే ఉంటుంది, మనం మార్చుకోలేం, నెలల తరబడి ఖాళీగా వదిలేయకూడదు. ఏడాదికోసారి డైవ్ చేసేవాళ్ళకి మనమే సెల్ మార్చుకోగలిగినదే మేలని నా అభిప్రాయం.

సెల్ మార్చడం వాచీ కొట్టువాళ్ళకి అప్పగించకండి. మూత కింద నీరు దిగకుండా ఆపే రబ్బరు చుట్టు, ఓ-రింగే అసలు ప్రాణం. దాని మీద ఒక్క వెంట్రుక పడినా నీరు దిగుతుంది. పాత రింగ్ తీసి, గాడిని నూగు రాలని గుడ్డతో తుడిచి, కొత్త రింగ్‌కి కంపెనీ చెప్పిన సిలికోన్ గ్రీజు పలచగా రాయాలి. ఎక్కువ రాస్తే ఇసుక అంటుకుంటుంది. కొబ్బరినూనె, వ్యాజలీన్ వాడొద్దు.

తరువాత చూడాల్సింది అంకెల సైజు. రుషికొండలో చాలా రోజులు నీళ్ళు మసగ్గానే ఉంటాయి. నలభై దాటి చత్వారం మొదలైనవాళ్ళు మాస్క్ పెట్టుకుని, కళ్ళద్దాలు లేకుండా, చీకటి గదిలో చెయ్యి చాపి చూడాలి. లోతు, నో డీకో టైమ్ (మధ్యలో ఆగకుండా నేరుగా పైకి రావాలంటే కింద ఇంకెంతసేపు ఉండొచ్చో ఆ సమయం), ఈ రెండూ ఒక్క చూపులో అందకపోతే ఎంత ఖరీదైనదైనా దండగే. మామూలు ఎల్‌సీడీ అయితే బ్యాక్‌లైట్ ఏ బటన్ ఎంతసేపు నొక్కితే వెలుగుతుందో కూడా చూసుకోండి. రంగుల తెర హాయిగా ఉంటుంది, బ్యాటరీ తింటుంది.

ఇక ఒంట్లో చేరే నైట్రోజన్‌ని బట్టి ఆ సమయం లెక్క కట్టే పద్ధతి. షియర్‌వాటర్‌లో బూల్మన్ జడ్‌హెచ్ఎల్-16సీ అనే సూత్రం, దాని మీద ఎంత జాగ్రత్త కావాలో చెప్పే గ్రేడియంట్ ఫ్యాక్టర్లు. జాగ్రత్త స్థాయి ‘లో’ (తక్కువ) అయితే 45/95, ‘మీడియం’ 40/85, ‘హై’ (ఎక్కువ) 35/75. రెండో అంకె తగ్గేకొద్దీ కింద ఉండనిచ్చే సమయం తగ్గుతుంది, జాగ్రత్త పెరుగుతుంది. పైన చెప్పిన సుంటో, క్రెస్సీ మోడళ్ళు ఆర్‌జీబీఎం అనే ఇంకో సూత్రం మీద నడుస్తాయి. సుంటోకి రెండో డైవ్ నుంచి సమయం బాగా తగ్గించేస్తుందన్న పేరుంది. డైవింగ్ శిక్షణ సంస్థ పీఏడీఐ పట్టిక మొదటి డైవ్‌కి 18 మీటర్లకు 56 నిమిషాలు, 30 మీటర్లకు 20 నిమిషాలు ఇస్తుంది. కంప్యూటర్ అంతకంటే తక్కువ చూపితే పాడైందనుకోవద్దు. మీ కంప్యూటరూ బడ్డీదీ (జతగా దిగే తోడుది) వేర్వేరు సమయాలు చూపితే తక్కువ సమయం చూపేదాని మాటే ఇద్దరూ వినాలి. ఉదయం ఒక కంప్యూటర్, మధ్యాహ్నం ఇంకొకటి కట్టుకోవడం అసలు కూడదు, మొదటి డైవ్‌లో ఒంట్లో మిగిలిన నైట్రోజన్ రెండోదానికి తెలియదు.

డీకో స్టాప్ (నైట్రోజన్ పోవడానికి పైకి వచ్చే దారిలో ఆగాల్సిన విరామం) ఎగ్గొడితే కంప్యూటర్‌కి ఎన్ని గంటలు తాళం పడుతుందో కొనకముందే మాన్యువల్‌లో చదవండి. సుంటో జూప్ నోవో 48 గంటలు లెక్క చెప్పడం మానేస్తుంది. నాలుగు రోజుల అండమాన్ ప్రయాణంలో రెండు రోజులు పోయినట్టే.

నైట్రాక్స్ (ఆక్సిజన్ పాలు ఎక్కువున్న గాలి) సెట్టింగ్ దాదాపు అన్నిట్లోనూ ఉంది. 32 శాతం ఆక్సిజన్‌కి, దాని పాక్షిక ఒత్తిడి 1.4 బార్ దాటకుండా, లోతు హద్దు 33 మీటర్ల పైచిలుకు. డైవ్‌కి ముందు శాతం సరిగా ఉందో లేదో ప్రతిసారీ చూసుకోవాలి, అంతే. సిలిండర్ ఒత్తిడి చూపే ట్రాన్స్‌మిటర్ నేను తీసుకోలేదు. ఆ డబ్బుకి దాదాపు ఇంకో చిన్న కంప్యూటర్ వస్తుంది, పైగా దానికి మరో సెల్.

పాతది కొంటే, లేదా సెల్ మార్చాక, మా పద్ధతి నూతి పరీక్ష. సాగని తాడుకి మీటరుకొక ముడి వేసి, వలసంచిలో రాయితో పాటు కంప్యూటర్ పెట్టి నీటిమట్టం నుంచి 4 మీటర్లు దించాలి. అయిదు నిమిషాలు ఉంచి, మీటరుకి ఆరు సెకన్ల చొప్పున నెమ్మదిగా లాగాలి. లాగ్‌బుక్‌లో గరిష్ఠ లోతు 3.9 వస్తే సరైనదే, ఎందుకంటే అది ఉప్పునీటి సాంద్రతతో లెక్క కడుతుంది. మంచినీటి సెట్టింగ్ ఉంటే 4 రావాలి. అర మీటరు తేడా వస్తే సెన్సర్ రంధ్రంలో ఉప్పు గడ్డ కట్టిందేమో చూడండి. ఈ పరీక్ష గేజ్ మోడ్‌లో (నైట్రోజన్ లెక్క లేకుండా లోతు, సమయం మాత్రమే చూపే అమరికలో) చేయొద్దు, కొన్నిట్లో ఆ తరువాత రెండు రోజులు డైవ్ మోడ్ పనిచేయదు.

కడగడానికి మంచినీళ్ళే వాడండి. సముద్రతీర ఊళ్ళలో బోరు నీళ్ళు ఉప్పన, వాటితో కడిగినా కడగనట్టే. తుడిచి పూర్తిగా ఆరబెట్టాలి. నీరు తగిలితే ఆన్ అయ్యే లోహపు చుక్కలుంటాయి, తడి సంచిలో వదిలేస్తే అవి దాన్ని మేలుకొలిపే ఉంచుతాయి, సెల్ అయిపోతుంది. సొరుగులో సిలికా జెల్ పొట్లం పడేయండి.

విదేశం నుంచి తెప్పిస్తే సుంకం, మన దేశంలో వారంటీ వర్తిస్తుందా లేదా అన్నది రెండూ కలిపి ధర పోల్చుకోండి.

డైవ్ తరువాత ఎంతసేపటికి విమానం ఎక్కొచ్చో ఆ లెక్క కూడా ముందే చూసుకోవాలి. ఒక్క డైవ్ అయితే 12 గంటలు, వరుస డైవ్‌లైతే 18 గంటలు ఆగాలి. మనవాళ్ళు మరచేది అరకు. 610 మీటర్లు దాటిన ఎత్తుకీ ఇదే నియమం, అరకు దాదాపు 900 మీటర్లు, దారిలో ఘాట్ ఇంకా ఎత్తు. పొద్దున రుషికొండలో డైవ్ చేసి మధ్యాహ్నం అరకు కారెక్కకూడదు. అరకు ముందు చూసొచ్చి, తరువాత నీళ్ళలో దిగండి.