నాలుగో బటన్‌కి పేరు లేదు

మా చిన్నాయనకి గ్లకోమా వల్ల చూపు పోయి తొమ్మిదేళ్లయింది. తిరుపతి బైరాగిపట్టెడలో మాకు రెండు వీధుల అవతల ఉంటాడు. ఫోన్ మాత్రం నాకంటే వేగంగా వాడతాడు, తెర మీద ఉన్నది చదివి వినిపించే టాక్‌బ్యాక్ గొంతుని ఎంత స్పీడులో పెట్టుకుంటాడంటే పక్కన కూర్చున్నవాళ్లకి ఒక్క ముక్క అర్థం కాదు. నేను యాప్‌లు రాసే బతుకుతున్నాను. అయినా నేను రాసిన యాప్ ఒక్కటీ ఆయన చేతికిచ్చి చూడలేదు, మొన్న ఆదివారం దాకా.

మా వీధి చివరి కిరాణా కొట్టుకి ఆర్డర్ల యాప్ చేశానని చెప్తే "ఏదీ, ఇటియ్యి నాయనా" అని తన ఫోన్లో వేయించుకున్నాడు. వేలు కుడివైపుకి జరిపాడు. "అన్‌లేబుల్డ్, బటన్" అంది ఫోన్, అంటే పేరు లేని బటన్ అని. మళ్లీ జరిపాడు, మళ్లీ అదే మాట. నాలుగుసార్లు. నా కళ్లకి అక్కడ భూతద్దం, గంట, మనిషి బొమ్మ, బుట్ట ఎంచక్కా కనిపిస్తున్నాయి.

"నాలుగోది బుట్టేనా? అయితే చెప్పు, గుర్తు పెట్టుకుంటా" అన్నాడు మామూలుగా.

సగం యాప్‌లు ఆయన ఇలాగే లెక్కపెట్టుకుని వాడుతున్నాడని నాకప్పుడే తెలిసింది. కరెంటు బిల్లు కట్టే ఒక యాప్‌లో పై నుంచి ఏడోది నొక్కాలట. ఒకరోజు అప్‌డేట్ వచ్చి వరుస మారిపోయింది, ఆ రోజు సాయంత్రం పిన్ని వచ్చేదాకా బిల్లు కట్టలేక కూర్చున్నాడు. వినగానే నాకు గొంతులో ఏదో అడ్డుపడినట్టయింది. ఆ యాప్ నాది కాదు, కానీ నేనూ అదే పని చేశాను కదా.

సరిచేయడానికి పట్టింది ఒక్క సాయంత్రం. ఆండ్రాయిడ్‌లో కంటెంట్ డిస్క్రిప్షన్ అని ఒక గడి ఉంటుంది, ఐఫోన్‌లో యాక్సెసిబిలిటీ లేబుల్, అందులో బటన్ చేసే పని రాస్తే చాలు. అయితే ఏం రాస్తామన్నది ముఖ్యం. ప్రతి సరుకు పక్కనా ఉండే కూడిక గుర్తుకి "ప్లస్" అని రాస్తే ముప్పై సరుకులకి ముప్పై ప్లస్‌లు వినపడతాయి, దేనికి ప్లస్సో ఎవరికి తెలుసు? "కందిపప్పు, ఒకటి పెంచు" అని మార్చాను. ఫోన్ నంబరు తప్పుకొడితే గడి ఎర్రబడటం తప్ప నేనేమీ చెప్పించలేదు, ఇప్పుడు "పది అంకెలు ఉండాలి" అని పలుకుతుంది.

చూపొక్కటే కాదు. చెయ్యి వణికేవాళ్లకి బటన్ చిన్నదైతే పక్కది నొక్కుకుంటుంది, అందుకే ఆండ్రాయిడ్‌లో కనీసం 48 డీపీ (తెర మీద సైజు కొలిచే లెక్క) ఉండాలంటారు. మా అమ్మ అక్షరాలు పెద్దవి చేసుకుంటే నేను ఎత్తు బిగించేసిన గడుల్లో తెలుగు ఒత్తులు తెగిపోయాయి, "చక్కెర" కాస్తా "చకెర" అయింది. ఇది మన లిపికి ప్రత్యేకంగా వచ్చే కష్టం, ఇంగ్లీషులో టెస్ట్ చేసి వదిలేస్తే ఎప్పటికీ బయటపడదు.

చట్టం లేక కాదు. దివ్యాంగుల హక్కుల చట్టం 2016లోనే వచ్చింది. మనం ఎవరమో ఫోన్లోనే రుజువు చేసుకునే ఈ-కేవైసీ కళ్లు ఆర్పితే తప్ప ముందుకు పోదని యాసిడ్ దాడి బాధితులు, చూపులేనివారు కోర్టుకెళ్తే, 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు డిజిటల్ సేవలు అందుకోవడం రాజ్యాంగం 21వ అధికరణ కింద జీవించే హక్కులో భాగమేనని చెప్పి ఇరవై ఆదేశాలిచ్చింది. ఆ కళ్లార్పే గండం చిన్నాయనకీ తప్పలేదు, కెమెరా ఎక్కడుందో ఆయనకెట్లా తెలుస్తుంది?

తిరుపతిలో యాప్‌లు రాసే తమ్ముళ్లూ చెల్లెళ్లూ, మీ యాప్ పంపేముందు టాక్‌బ్యాక్ మెనూలో హైడ్ స్క్రీన్ నొక్కి, తెర నల్లబడ్డాక ఒక్క ఆర్డర్ పెట్టి చూడండి. నాకైతే మొదటిసారి బుట్ట దాకా కూడా చేరడం కాలేదు.

నిన్న రాత్రి కొత్తది ఇచ్చొచ్చాను. "బుట్ట, మూడు వస్తువులు" అని వినగానే తలూపి ముందుకెళ్లాడు. ఓటీపీ దగ్గర ఆగాడు. ముప్పై, ఇరవై తొమ్మిది, ఇరవై ఎనిమిది అని టైమరు సెకనుకోసారి అరుస్తుంటే గడి పేరు వినపడట్లేదు. "ముందు దాని నోరు మూయించు నాయనా" అన్నాడు. ఇప్పుడు ఆ పనిలోనే ఉన్నా.