చలికి అందరూ రోగులేనట

జెరూసలేంలో శుక్రవారం మధ్యాహ్నం మూడు దాటాక ట్రామ్ స్టాపులో నిలబడితే ఇక నిలబడినట్టే. మహానే యెహూదా మార్కెట్ దగ్గర నాతోపాటు ఇద్దరు ఫ్రెంచి టూరిస్టులు, ఒక పిల్లి తప్ప ఎవరూ లేరు. అప్పట్లో, అంటే 2019లో, మామూలు రోజుల్లో మౌంట్ హెర్జెల్ దాకా 5.90 షెకెళ్ళ టికెట్ ఉండేది. టాక్సీవాడు 80 అడిగాడు. మీటర్ వేయమంటే నవ్వి, "పావుగంట ఆగండి, 100 అవుతుంది" అన్నాడు. షెకెల్‌ని డాలర్లోకి, డాలర్ని రూపాయల్లోకి మార్చి రెండుసార్లు బాధపడే అలవాటు నాకింకా పోలేదు. పట్టుకున్న స్ట్రాబెర్రీల డబ్బాతో సహా ఎక్కి కూర్చున్నాను. దిగేసరికి ఊరంతా సైరన్ మోగుతోంది. యుద్ధమేమీ లేదు. శుక్రవారం సాయంత్రం మొదలయ్యే యూదుల విశ్రాంతి దినం, శబ్బాత్. సూర్యాస్తమయానికి 40 నిమిషాల ముందు ఆ దీపాలు పెట్టుకోమని మోగే సైరన్ అది.

నాది పొన్నూరు. ఉండేది న్యూజెర్సీ. పని చేసేది ఒక యూదుల బడిలో, టెక్నాలజీ టీచరుగా. అక్కడ పిల్లలకి సగం రోజు హీబ్రూ, మత పాఠాలు, మిగతా సగం లెక్కలు, సైన్సు, కంప్యూటర్లు. ఆ రెండో సగం చెప్పేవాళ్ళలో యూదులు కానివాళ్ళు చాలామందే ఉంటాం. 2019 ఫిబ్రవరిలో మా బడి తరఫున ఇజ్రాయెల్ టీచర్లతో ఇచ్చిపుచ్చుకునే కార్యక్రమానికి నన్ను పంపారు. విమానం ఎక్కేముందు భద్రతావాళ్ళు అడిగిన మొదటి ప్రశ్న: "మీరు యూదులు కాదుకదా, మరి యూదు టీచర్ల కార్యక్రమానికి ఎందుకు?" ఆ ప్రశ్న నేనూ మా ప్రిన్సిపాల్‌ని అడిగాను. "రోబోటిక్స్ నువ్వే కదా చెప్పేది" అంది ఆవిడ. భద్రతావాళ్ళకి ఆ జవాబు సరిపోలేదు, ఇంకో అరగంట పట్టింది.

కార్యక్రమం సంగతి త్వరగా చెప్పేస్తాను. స్లైడ్లు, చప్పట్లు, గుండ్రటి బల్లలు, మళ్ళీ స్లైడ్లు. నాజీల చేతిలో చనిపోయిన యూదుల స్మారకం యాద్ వాషెమ్ చూపించారు. దాని గురించి ఇక్కడ రెండు ముక్కల్లో రాయలేను, రాయను. ఇజ్రాయెల్ మ్యూజియంలో మన కొచ్చిన్ నుంచి తెచ్చి నిలబెట్టిన సినగాగ్ (యూదుల ప్రార్థనా మందిరం) లోపలి భాగం ఉంది. ఆ చెక్క పనితనం చూస్తూ అందరూ ముందుకెళ్ళిపోయినా నేను అక్కడే ఆగిపోయాను. అక్కడి బడుల్లో పిల్లలు కోడింగ్ బాగా చేస్తున్నారు, ఒప్పుకుంటాను. కానీ నాకు అసలు టెక్నాలజీ పాఠం ఏ క్లాసులోనూ దొరకలేదు.

మొదట హోటల్ లిఫ్టులో దొరికింది. శబ్బాత్ నాడు నిప్పు రాజేయకూడదు. కరెంటు స్విచ్ నొక్కడాన్ని కూడా అదే కోవలో చూస్తారు. అందుకని ఒక లిఫ్టుని ప్రతి అంతస్తులో దానంతటదే ఆగేట్టు పెడతారు, ఎవరూ ఏదీ నొక్కక్కర్లేదు. ఇంతవరకూ మా బడి పిల్లలు చెప్పగా విన్నదే. నేను విననిది ఏమిటంటే, ఎక్కేటప్పటి కంటే దిగేటప్పుడే చర్చ ఎక్కువట. దిగుతుంటే మన ఒంటి బరువు మోటారుకి సాయం చేస్తుంది కదా, అంటే మనం పని చేసినట్టే కదా అని పండితులు, ఇంజనీర్లు కలిసి కూర్చుని తర్కించారు. ఫిజిక్స్ క్లాసులో పొటెన్షియల్ ఎనర్జీ గురించి ఇంత శ్రద్ధగా ఎవరైనా ఆలోచించడం నేను చూడలేదు.

ఇక ఆ శుక్రవారం. కార్యక్రమంలో నాకు జోడీగా ఉన్న అక్కడి టీచరు, రాత్రి భోంచేసి అక్కడే ఉండిపొమ్మని వాళ్ళింటికి పిలిచింది. బాయిత్ వెగాన్ పేటలో నాలుగో అంతస్తు, రాతి గోడలు, ఫ్రిజ్‌లో ఉన్నట్టే ఉంది. దీపాలు వెలిగాయి, వైను, హల్లా బ్రెడ్డు, నా కోసం చిక్కుడు గింజలతో ఒక కూర. ఫోన్లన్నీ సొరుగులోకి వెళ్ళాయి. కూరలు హాట్‌ప్లేట్ మీద వెచ్చగా ఉన్నాయి. హీటర్ టైమర్ ప్రకారం ఏడింటికి రావాలి. రాలేదు. గుండ్రటి డయల్ చుట్టూ పావుగంటకొకటి చొప్పున చిన్న పళ్ళుంటాయే, ఆ టైమరు. సాయంత్రం హడావిడిలో పళ్ళు తిరగేసి పెట్టారు, ఉండాల్సినప్పుడు ఆగి ఆగాల్సినప్పుడు వచ్చేట్టు. నాకది కుర్చీలోంచే కనబడుతోంది. పక్కనున్న చిన్న మీట జరిపితే చాలు.

ఎవరూ నన్ను నేరుగా అడగలేదు. కాసాబ్లాంకా నుంచి చిన్నప్పుడే వచ్చేసిన అత్తగారు, అంటే వాళ్ళింటి మామ్మగారు, శాలువా బిగించుకుని గోడతో అన్నట్టు ఏదో అంది. కోడలు తడబడుతూ తర్జుమా చేసింది: "కాళ్ళు తన మాట వినడం లేదంటోంది." నాకు నవ్వొచ్చింది. మా నాయనమ్మ మడి కట్టుకుని పొయ్యి దగ్గర కూర్చుని "బయట ఎండిన వడియాలు కాకులకేనేమో" అని గాల్లోకి అనేది, మేం పరిగెత్తేవాళ్ళం. ఇదీ అదే బాణీ.

లేచి టైమర్ దగ్గరికి వెళ్ళబోతే, నా జోడీ టీచరు వాళ్ళాయన చెయ్యి ఎత్తి ఆగమన్నాడు. మా కోసం మీరు చేస్తే మేం వాడుకోవచ్చా అని ఆయన సందేహం. అల్మారాలోంచి లావుపాటి పుస్తకం వచ్చింది. 16వ శతాబ్దంలో సఫేద్ పట్నంలో ఉన్న యోసెఫ్ కారో రాసిన ధర్మశాస్త్రం, షుల్హాన్ అరూఖ్. అందులో ఉందట: చలిదేశాల్లో పిల్లల కోసం యూదేతరులు నిప్పు వేయవచ్చు, చలి మరీ ఎక్కువైతే పెద్దల కోసం కూడా, ఎందుకంటే చలి దగ్గర అందరూ రోగులే. మామ్మగారు గెలిచినట్టు చూసింది. కొడుకు ఒప్పుకోలేదు. ఇది చలిదేశమా? ఇది మరీ ఎక్కువ చలేనా? ఇరవై నిమిషాలు నడిచింది వాదన, సూప్ చల్లారిపోయింది. నా ఫోన్ మాత్రం నా బ్యాగులో ఉంది. చూస్తే బయట 6 డిగ్రీలు. చెప్పాను. న్యూజెర్సీలో మేం 6 డిగ్రీలకి పిల్లల్ని ఆటలకి వదులుతామన్న సంగతి చెప్పలేదు.

"రోగులమే" అన్నాడాయన చివరికి. మీట జరిపాను.

వెచ్చబడ్డాక మామ్మగారికి కబుర్లు వచ్చాయి. ఇండియాలో ఎక్కడ, కొచ్చినా అని అడిగింది. కాదు, గుంటూరు జిల్లా అన్నాను. మా ఊరి నుంచి గుంటూరు బస్సు చేబ్రోలు మీదుగా వెళ్తుందనీ, ఆ పక్కనే కొత్తరెడ్డిపాలెంలో తాము ప్రాచీన ఇజ్రాయెల్ గోత్రాల్లో ఒకటైన ఎఫ్రాయిము గోత్రం వాళ్ళమని చెప్పుకునే తెలుగు యూదులున్నారనీ, వాళ్ళకి సినగాగ్ కూడా ఉందనీ చెప్పాను. కోడలు తర్జుమా చేస్తుంటే ఆవిడ నమ్మకం లేనట్టు తల పక్కకి వాల్చింది. శుక్రవారం వాళ్ళు ఏం వండుకుంటారని అడిగింది. నేనెప్పుడూ బస్సు దిగి చూడలేదు, ఏం చెప్పను? గోంగూర ఉండే ఉంటుందన్నాను. గోంగూర అంటే ఏమిటో చెప్పడానికి ఇంకో పావుగంట.

ఆదివారం బడి (వాళ్ళకి వారం అప్పుడే మొదలవుతుంది). స్టాఫ్‌రూంలో మా కథ అప్పటికే పాకింది. తాల్ముద్ (యూదుల ధర్మచర్చల గ్రంథం) చెప్పే పెద్దాయన నన్ను పిలిచి కూర్చోబెట్టాడు. "హీటర్ సరే. హాట్‌ప్లేట్ కూడా అదే టైమర్‌కి ఉందా?" చలికి అందరూ రోగులు కావచ్చు కానీ కూర వేడిచేసుకోవడానికి ఆ మినహాయింపు లేదట. గోడకి ఒకటే ప్లగ్గు, దానికి ఎక్స్‌టెన్షన్ బోర్డు, బోర్డుకి టైమర్, హాట్‌ప్లేట్ మాత్రం నేరుగా బోర్డుకి. నోటితో చెబితే అర్థం కాలేదు. తెల్లబోర్డు మీద సర్క్యూట్ గీశాను. వారమంతా నా స్లైడ్లకి ఫోన్లు చూసుకున్నవాళ్ళు ఇప్పుడు కుర్చీలు దగ్గరికి లాక్కున్నారు. గంట మోగాక కూడా పెద్దాయన మార్కర్ తీసుకుని, టైమర్‌ని బోర్డుకి ముందు పెట్టి ఉంటే అప్పుడేమిటని రెండో బొమ్మ మొదలెట్టాడు.